టాలెంట్ సంగతి తర్వాత, ముందు బావని బిల్లు అడగగలవా?

ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు ఈమధ్య చాలా ఇళ్లల్లో ఇదే గొడవ. అబ్బాయి హైదరాబాద్‌లో డిజైనింగ్ ఉద్యోగం మానేసి ఊర్లో సొంతంగా పెట్టుకుంటానంటాడు, అమ్మాయి మగ్గం వర్క్ ఫుల్‌టైమ్ చేసుకుంటానంటుంది, పెద్దవాళ్లు వద్దంటారు. లాక్‌డౌన్ తర్వాత ఈ కథ అందరూ చూసిందే కాబట్టి మళ్లీ చెప్పను. నా అభ్యంతరం ఒక్కటే, ఈ వాదన ఎక్కడ మొదలైనా "నీకంత టాలెంట్ ఉందా" అనే దగ్గరకే వచ్చి ఆగిపోతోంది. టాలెంట్ ఉన్నవాళ్లు మన దగ్గర కావల్సినంత మంది ఉన్నారు. సొంత పనిని నిలబెట్టేది మాత్రం తెలిసినవాళ్లని డబ్బు అడగగలిగే నోరు. అది లేనివాళ్లు ఉద్యోగంలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే మన ఊళ్లల్లో కస్టమర్ అంటే బయటివాడు కాదు, సగం మంది చుట్టాలే.

ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం ఓ పాతిక కిలోమీటర్లు ఉంటుంది, ఈ దారిలో ఏదైనా ఫొటో స్టూడియోకి వెళ్లి బీరువా తీయించి చూడండి. కవరు కూడా విప్పని పెళ్లి ఆల్బంలు కనిపిస్తాయి. పెళ్లికి ముందు అడ్వాన్స్ ఇస్తారు, పెళ్లిరోజు ఇంకొంత చేతిలో పెడతారు, మిగతాది ఆల్బం తీసుకున్నప్పుడు అంటారు. ఈలోగా ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వాళ్లింటికి వెళ్లిపోయాయి, వీడియో స్టేటస్‌లో పెట్టేశారు, ఇంక ఆల్బం కోసం పనిగట్టుకుని ఎవరొస్తారు? ల్యాబ్‌కి ప్రింటింగ్ డబ్బులు, డ్రోన్ అద్దె, ఎడిటింగ్ కుర్రాడి కూలి, ఇవన్నీ స్టూడియో ఆయన ఎప్పుడో కట్టేశాడు. అడ్వాన్స్ మొత్తం ఆ ఖర్చులకే సరిపోయింది, ఆయన లాభం అనేది ఉంటే ఆ రాని బ్యాలెన్స్‌లోనే ఉంది. ఫోన్ చేస్తే "డబ్బులెక్కడికి పోతాయేటి బావా, మనం మనం ఒకటే కదా" అంటారు. ఆ మాట విన్నాక కూడా "సరే బావా, శుక్రవారం వస్తాను, రెడీగా ఉంచు" అని చెప్పి, శుక్రవారం నిజంగా వెళ్లి గుమ్మంలో నిలబడగలిగినవాడే సొంత పనికి పనికొస్తాడు.

అందుకే రాజీనామా రాసేముందు ఒక చిన్న పని చేసి చూడమంటాను. ఉద్యోగంలో ఉండగానే మేనమామ షాపు బోర్డో, ఫ్రెండ్ చెల్లి పెళ్లి కార్డో ఒప్పుకోండి, కానీ రేటు ముందే చెప్పి వాట్సాప్‌లో రాసి పంపండి, సగం పడ్డాకే సిస్టం ఆన్ చేయండి, మూడోసారి రంగు మార్చమంటే దానికి ఎక్స్‌ట్రా అవుతుందని చెప్పండి. మనవైపు ఇంకో ముచ్చట కూడా ఉంది, తెలుగులో కార్డు అయిపోయాక "పనిలో పని ఒడియాలో కూడా కొట్టిచ్చేయ్, అవతల బంధువులకి" అంటారు. అది ఇంకో పని, రెండు లిపులు తప్పులేకుండా పెట్టగలగడం సరిహద్దు మనుషులకే ఉన్న చదువు, దానికి వేరే రేటు చెప్పండి. ఇంత చేశాక ఆ రాత్రి హాయిగా నిద్రపట్టిందా, లేక మావయ్య ఏమనుకుంటాడో అని తెల్లవార్లూ దొర్లారా? సమాధానం అక్కడే ఉంది. మూఢం, ఆషాఢం, పుష్యమాసం వస్తే పెళ్లిపనులు ఆగిపోతాయి, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు పడగొట్టినట్టు ఒక్క రాత్రిలో ఊరి చేతిలో డబ్బే లేకుండా పోవచ్చు కూడా. వసూలు చేసి పక్కన పెట్టుకోనివాడు ఆ నెలలు ఎలా దాటతాడు?

ఉద్యోగంలో ఉంటే కళ చచ్చిపోతుంది, ధైర్యం చేసి దూకితే డబ్బు అదే వస్తుంది అనేవాళ్లున్నారు. బాస్ చెప్పిన పోస్టరే రోజూ చేస్తుంటే విసుగొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో టీచరుగా జీతం తీసుకుంటూనే సవర భాష నేర్చుకున్నారు. కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, విశాఖలో స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారు, 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం పెట్టారు. నెల జీతం వాళ్ల పనిని ఏం తగ్గించింది? బ్యాలెన్స్ కోసం పదిమందికి ఫోన్ చేసి విసిగిపోయినవాడికే రాత్రి కూర్చుని సొంత బొమ్మ వేసుకునే ఓపిక మిగలదు.

అయితే నోరులేని కళాకారుడిదే తప్పంతా అని నేననను, అసలు తప్పు మనది. బియ్యం కొట్లో అప్పు మిగిలితే తల దించుకుంటాం, ఫొటోగ్రాఫర్‌కి ఏడాది బాకీ ఉన్నా ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తాం, ఎందుకంటే అది మనకి పనిలా కనిపించదు. ప్రభుత్వానికి కూడా కనిపించదు. 2023 సెప్టెంబర్‌లో చేతివృత్తులవాళ్ల కోసం వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షలు అప్పు ఇస్తారు, కుమ్మరి, టైలర్, పూలదండలు కట్టేవాళ్లు ఉన్నారు, చాలా సంతోషం. బోర్డులు రాసే పెయింటర్ లేడు, ఫొటోగ్రాఫర్ లేడు, డిజైనర్ లేడు. వాళ్లదీ చేతి పనే కదా, ఎందుకు లేరు?

ఉన్న చట్టం కూడా మనవాళ్ల దాకా రాలేదు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో ఫ్రీగా రిజిస్టర్ చేసుకున్న చిన్న సంస్థకి 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎన్ని రోజుల గడువు రాసుకున్నా, పని చేయించుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేటైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. షోరూంకి, స్కూలుకి, కాలేజీకి ఫ్లెక్సీలూ వీడియోలూ చేసి నెలల తరబడి తిరుగుతున్న కుర్రాళ్లు ముందు ఆ రిజిస్ట్రేషన్ చేసుకుని, ఆ నంబరు, ఆ 45 రోజుల మాట ప్రతి బిల్లు మీదా వేయించాలి. ఇక పెళ్లిళ్ల సీజన్ ఎలాగూ వస్తుంది, ఆల్బం బాకీ ఉన్న ఇళ్లవాళ్లు కొత్త ముహూర్తానికి ఫొటోగ్రాఫర్‌ని పిలిచేముందు పాత లెక్క తేల్చి రండి.