మీటరు కథలో మద్రాసు ఎక్కడ?

డన్‌కర్క్ నుంచి బార్సిలోనా దాకా భూమిని కొలిచి మీటరు తేల్చిన కథ మీ వ్యాసంలో బాగా రాశారండీ. కానీ భూమిని కొలిచే అలాంటి పనే మన దగ్గరా జరిగిందని ఒక్క ముక్క రాయాల్సింది. 1802లో విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ (మిగతా దూరాలన్నీ లెక్కగట్టడానికి ముందుగా నేల మీద కొలిచే గీత) కొలిచాడు. మేముండేది ఆ చుట్టుపక్కలే. మెట్రో ఎక్కే జనంలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఆయన చేతిలో ఉన్నది 100 అడుగుల ఉక్కు గొలుసు. ఒక్క సెల్సియస్ డిగ్రీ వేడి పెరిగితే అది మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. ఏడున్నర మైళ్లకు లెక్కేస్తే పద్నాలుగు సెంటీమీటర్ల తేడా! మద్రాసు ఎండలో అదెంత టెన్షనో ఊహించండి. అందుకే గొలుసు పక్కనే థర్మామీటర్లు పెట్టుకుని, వేడిని బట్టి లెక్క సరిచేశారు. మీటరుకు ప్రమాణంగా ఉంచిన లోహపు కడ్డీకీ వేడితో ఈ తంటా ఉండేది. 1960లో దాని బదులు క్రిప్టాన్ అనే వాయువు కాంతి తరంగాలకు మారారు, ముఖ్యంగా మరింత కచ్చితత్వం కోసం.

ఇంకొకటి. 2019లో మీటరు నిర్వచనం కూడా మారిపోయిందని వ్యాసంలో అన్నారు. అప్పుడు కొత్త నిర్వచనాలొచ్చింది కిలోగ్రాము, ఆంపియర్, కెల్విన్, మోల్‌లకు. మీటరు 1983 నుంచీ కాంతి వేగం మీదే ఉంది, 2019లో వాక్యం మాత్రమే తిరగరాశారు. సరిచేయగలరు.