రోడ్డుపక్క ఫలకం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమెరికా చారిత్రక ఫలకం గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా: వర్జీనియాలో వెండిరంగు మీద నల్ల అక్షరాలతో, పెన్సిల్వేనియాలో నీలం మీద బంగారు అక్షరాలతో ‘ఇక్కడ ఫలానాది జరిగింది’ అని చెబుతూ మీరు ఠీవిగా నిలబడే ఉన్నారు. గంటకు 55 మైళ్ల వేగంతో పోయేవాడికి మాత్రం మీ శీర్షిక సగం అందుతుంది, మిగతా సగం వెనకద్దంలోకి పోతుంది.

శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, అచ్చులో పోస్తేనే చరిత్ర అని నిరూపించిన ఘనత మీది. ముందు అక్షరాలు అంటించిన నమూనా పలక. దాని చుట్టూ దట్టించిన ఇసుక. పలక తీసేశాక మిగిలిన ఖాళీలో కరిగిన అల్యూమినియం. అది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, చల్లారాక ఎవరి మాటా వినదు. ఊరి పేరులో ఒక్క అక్షరం తప్పితే రబ్బరుతో చెరిపేదేం లేదు. మామూలుగా పలక మొత్తం మళ్లీ పోయాల్సిందే. ఖర్చు చాలాచోట్ల ప్రతిపాదించినవాళ్లదే కనుక తప్పు దిద్దడం కన్నా ఊరే పేరు మార్చుకుంటే చవక.

మీలో చాలామంది పుట్టిల్లు ఒహాయోలోని మరియెట్టా. అక్కడ 1927లో మొదలైన పోతశాల పేరు ‘సేవా స్టూడియోస్’. తెలుగువాళ్లు చదివి చేతులు జోడించనక్కర్లేదు, అది స్థాపకుడు హాస్ ఇంటిపేరును (Hawes) ఇంగ్లిషులో చివరి నుంచి మొదటికి తిరగరాస్తే (Sewah) వచ్చింది. చరిత్రను తిరగరాసే వృత్తికి ఇంతకన్నా మంచి పేరు కుదరదు.

ఇక మీ చిరునామా సంగతి. ‘ఇక్కడికి రెండు మైళ్లు పడమర’ అంటారు. అంటే సంగతి జరిగింది అక్కడ, మీరున్నది ఇక్కడ. ఎందుకయ్యా అంటే ఇక్కడ రోడ్డు సర్కారుది, కారు ఆపడానికి చోటుంది. మీ పెద్దలదీ అదే తంతు. బాస్టన్‌లో 221 అడుగుల గ్రానైట్ స్తంభం, 294 మెట్లు, పేరు బంకర్ హిల్. నిలబడింది బ్రీడ్స్ హిల్ మీద. నిజానికి 1775 జూన్ 17న బ్రిటిష్ సేనతో యుద్ధం జోరుగా జరిగింది కూడా ఆ కొండ మీదే. అంటే అక్కడ చోటు సరైనదే, పేరే తప్పు.

మీ వ్యాకరణం దగ్గరికి వద్దాం. లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం నాడు తెల్లవాళ్ల సాయుధ మూక నల్లవాళ్లను ఊచకోత కోసింది. 1950లో పెట్టిన ఫలకం దాన్ని ‘అల్లర్లు’ అంది. ముగ్గురు తెల్లవాళ్లు, 150 మంది నల్లవాళ్లు ‘చంపబడ్డారు’ అంది. దీంతో దక్షిణాదిలో దుష్పాలన ముగిసిందని సంతోషం కూడా ప్రకటించింది. ‘చంపబడ్డారు’ అంటే తెలుగులో పక్కవాడు వెంటనే ‘ఎవరు చంపారు?’ అని అడుగుతాడు. ఇంగ్లిషులో అడిగేసరికి 2021 అయింది. అప్పుడు పీకారు.

మెంఫిస్‌లో మీ బంధువు ఇంకా గడుసు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యపు జనరల్ నాథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ వ్యాపారాలు చేసి ధనవంతుడయ్యాడని 1955లో రాశారు. ఏం వ్యాపారమో చోటు చాలలేదు కాబోలు. అది మనుషుల్ని అమ్మడం. ఆ మాట రాసిన కొత్త ఫలకం 2018లో వచ్చింది. రెండు మాటలకు 63 ఏళ్లు!

నిజం రాసినవాళ్ల గతీ చూశాం. 1955లో తెల్లవాళ్లు చంపిన పద్నాలుగేళ్ల నల్ల పిల్లవాడు ఎమ్మెట్ టిల్ ఫలకం మిసిసిపీలో తల్లాహాచీ నది ఒడ్డున 2008లో పెట్టారు. మొదటిది మాయమైంది, తర్వాతివి తూటాలతో జల్లెడయ్యాయి. 2019లో పెట్టినది 500 పౌండ్ల పైచిలుకు, తూటా దిగని ఉక్కు. మీలో ఎవరు నిజం చెబుతున్నారో తేల్చే సులువు ఇదే: తుపాకీ గురి ఎటుందో చూడటం.

మీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. రంగు పెచ్చులూడితే ఊళ్లో ఉత్సాహవంతులు డబ్బా, కుంచె పట్టుకుని బయల్దేరతారు. వద్దనండి. ముందు కడగాలి, ఊడే రంగంతా గీకాలి, అల్యూమినియానికి పట్టే ప్రైమర్ వెయ్యాలి. అది లేకపోతే ఒక్క చలికాలానికే పొరలు లేస్తాయి. నేపథ్యం రంగు రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. అక్షరాలకు కుంచె అసలొద్దు. గట్టి చిన్న ఫోమ్ రోలర్‌కు రంగు తడీపొడిగా అద్ది పైపైన దొర్లిస్తే ఉబ్బెత్తు అక్షరాల తలలకే అంటుతుంది. రంగు ఎక్కువైతే అక్షరాల వెంట కారి, 1863 కాస్తా 1868లా కనిపిస్తుంది. స్తంభం గొయ్యి నేల గడ్డకట్టే లోతు దాటి తవ్వాలి. లేదంటే మంచు ఏటా కొంచెం కొంచెం పైకి నెట్టి, మిమ్మల్ని మీ వాక్యాల్లాగే ఓ పక్కకు ఒరిగిస్తుంది.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

తా.క. ఈ ఉత్తరం మీకు అందకపోతే కంగారుపడకండి. పోస్ట్‌మ్యాన్ తన బండి ఆపడానికి చోటున్న దగ్గర వదిలేసి ఉంటాడు. తూర్పుగా ఓ రెండు మైళ్లు వెతికించండి.