సందు కనిపిస్తే చాలు లప్పమేనా?

నిన్న రాత్రి మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. ముక్కలు అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మ, మిగ్-21 యుద్ధవిమానం, 1/72 స్కేలు, అంటే అసలు దానిలో డెబ్బై రెండో వంతు. రెక్క కొస నుంచి కొసకి పది సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21లకి వీడ్కోలు చెప్పిన రోజు నుంచి వాడికి ఈ పిచ్చి పట్టుకుంది. సిల్వర్ రంగు చక్కగా వేశాడు. కానీ వీపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక సన్నటి గాడి, నూనె రాసి పాపిడి తీసినట్టు.

"మామయ్యా, రంగు వేసిన రోజు అద్దంలా ఉంది. వారం తిరక్కుండా అతుకు మళ్లీ తేలింది."

"లప్పం ఎంత పెట్టావురా?"

"గట్టిగానే పెట్టాను."

ఆ 'గట్టిగానే' దగ్గరే నాకు మండుతుంది. వాణ్ని అని లాభం లేదు. వీడియోల్లో ఎవణ్ని చూసినా అదే వరస. రెండు సగాలు అతికించు, లప్పం మెత్తు, ఉప్పు కాగితం రుద్దు, రంగు కొట్టు, పది నిమిషాల్లో విమానం రెడీ. మధ్యలో ఆరడానికి పోయిన రోజుల సంగతి ఒక్కడూ చెప్పడు.

ట్యూబులో వచ్చే బూడిదరంగు లప్పంలో ఉండేది పొడీ, జిగురూ, థిన్నరూ. థిన్నర్ ఎగిరిపోతేనే అది గట్టిపడుతుంది. ఎగిరిపోయినంత మేరా లప్పం కుంచించుకుపోతుంది. మందంగా మెత్తితే పైన పొర కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది. పైన ఆరిందని రుద్దేసి రంగు వేస్తాం. లోపలి థిన్నర్ తీరిగ్గా పోతూ పోతూ అతుకుని కిందకి లాగుతుంది. పైగా ఆ థిన్నర్ కింద ఉన్న ప్లాస్టిక్‌ని కూడా మెత్తబరుస్తుంది. కార్ల షెడ్డులో వాడే ఎన్‌సీ పుట్టీదీ ఇదే గుణం. పల్చగా రాయాలి, ఆరనివ్వాలి, మళ్లీ పల్చగా రాయాలి. గోడలకి రాసే తెల్ల పుట్టీ వాడమని కూడా ఎవరో వాడికి సలహా ఇచ్చారట. అది సిమెంటు పొడి. నున్నటి ప్లాస్టిక్‌ని పట్టుకోదు, పెచ్చులుగా ఊడొస్తుంది.

నన్నడిగితే వీపు మీది అతుకుకి అసలు లప్పమే అక్కర్లేదు. మోడల్ జిగురు మన ఫెవికాల్ లాంటిది కాదు, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. రెండు అంచులకీ రాసి కాసేపు ఆగి నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్నటి గట్టులా పొంగుతుంది. రబ్బరు బ్యాండ్లు వేసి నాలుగు రోజులు మర్చిపోవాలి. తర్వాత ఆ గట్టుని బ్లేడుతో గీకి, నాలుగు వందల నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి వెయ్యి దాకా తడిపి రుద్దితే అతుకు ఎక్కడుందో మనకే తెలియదు. నాలుగు రోజులు ఆగలేకపోతే ఇక్కడా అదే గాడి పడుతుంది.

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. నాన్న దగ్గర్లోని సునాబెడలో హెచ్‌ఏఎల్ వాళ్ల విమానాల ఇంజన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మిగ్-21లకి వేసే ఆర్-25 ఇంజన్ల మీద పని చేసిన చెయ్యి. నేను ఇంటర్లో ఉండగా విశాఖ వెళ్లి ఒక కిట్ కొని, కిరండూల్ పాసింజర్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. అతికించి గొప్పగా చూపిస్తే ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి సందులు కొలిచే సన్నటి రేకుల గుత్తి, ఫీలర్ గేజి తెచ్చి, రేకు తర్వాత రేకు రెక్క మొదట్లో ఉన్న సందులో దూర్చి చూశాడు. 0.4 మిల్లీమీటర్ల రేకు హాయిగా దూరింది. "డెబ్బై రెండుతో గుణించు" అన్నాడు. దగ్గర దగ్గర మూడు సెంటీమీటర్లు. "ఇలాంటి రెక్కతో ఎవడెక్కుతాడురా గాల్లోకి?"

నేను లప్పం ట్యూబు తీశాను. ఆయన ఫైలు తీశాడు. ముక్కలో ఎక్కడో బొడిపె తగులుతోంది, అది అరగదీస్తే సగం సందు దానంతటదే మూసుకుంది. మిగతా సగానికి స్ప్రూ పుల్లని, అంటే కిట్‌లో ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడని, కొవ్వొత్తి సెగకి చూపించి సాగదీశాం. దారంలా సాగుతుంది. ఆ దారాన్ని సందులో పరిచి పైన జిగురు తాకించాం. ప్లాస్టిక్ సందులో ప్లాస్టిక్కే ఉంటే కుంచించుకునే గొడవే లేదు.

లప్పం వద్దే వద్దని కాదు. గీతలకీ, చిన్న గుంటలకీ దాన్ని మించింది లేదు. రెక్క మొదట్లో వెంట్రుకంత సందు మిగిలితే నీళ్లతో కడిగే రకం లప్పం రాసి, తడి ఇయర్‌బడ్‌తో తుడిచేస్తే రుద్దే పనే ఉండదు, పక్కన రివెట్లూ అరగవు. పెద్ద బొక్కలకి ఎం-సీల్ మంచిదే, కుంచించుకోదు. కానీ అది ప్లాస్టిక్ కన్నా గట్టి. ఆరాక రుద్దితే అది అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గుంట పడుతుంది. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే తడి వేలితో సాపు చెయ్యాలి. సూపర్ గ్లూ కూడా కుంచించుకోదు. మా కోరాపుట్ వానల్లో గాలి తేమకి ఇంకా తొందరగా పట్టేస్తుంది. గంట రెండు గంటల్లో రుద్దేసుకోవాలి, రాత్రంతా వదిలేస్తే రాయే.

అసలు నాకు కోపం వచ్చింది ఫొటోలో ఇంకో చోట. తోక వైపు ఒంటి చుట్టూ కడియంలా ఒక గీత ఉండాలి. మావాడు లప్పం మెత్తిన ఊపులో దాన్ని కూడా పూడ్చేసి నున్నగా చేశాడు. ఫోన్ నాన్నకి ఇచ్చాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఇక్కడ విప్పితేనే కదరా తోక వెనక్కొచ్చేది, ఇంజన్ బయటికి తీసేది. దీన్ని మూసేస్తే ఇంజన్ ఎలా తీస్తారు?" అన్నాడు. నిజంగా ఎవరో తీయబోతున్నట్టే అడిగాడు.

వీపు మీది అతుకు బొమ్మ తయారుచేసినవాడిది, అసలు విమానానికి ఉండదు. ఆ కడియం గీత విమానానిదే. లప్పం మూత తీసే ముందు అసలు విమానం ఫొటోలు నాలుగు చూస్తే తెలిసిపోయేది. అన్ని గీతలూ పూడ్చేసి సబ్బు బిళ్లలా నున్నగా చేసి, "ఫినిషింగ్ చూడండి" అని పెడుతుంటారు. కింద రెండొందల లైకులు.

ఆదివారం మిఠాయి డబ్బాలో దూది పరిచి మిగ్‌ని తెస్తానన్నాడు మేనల్లుడు. వీపు మళ్లీ రుద్దాలి, తోక దగ్గర గీత సూదితో మళ్లీ గీయాలి. సూది నాన్న అప్పుడే వెతికి పెట్టుకున్నాడు. పొద్దున్న నా కళ్లజోడు పెట్టుకుని చూసి, ఆ కళ్లజోడు ఆదివారం దాకా తన దగ్గరే ఉంచుకోనా అని అడిగాడు. ఇవ్వనన్నాను. ఆ గీత నేనే గీస్తాను.