18 ఎలక్ట్రాన్ల రూలు సామికి, తిరుపతి నుంచి ఒక అర్జీ

రూలు సామీ, నమస్కారం. ఒక మెటల్ చుట్టూ, దాని సొంతవీ దాన్ని పట్టుకున్నవి ఇచ్చినవీ కలిపి, 18 ఎలక్ట్రాన్లు ఉంటే ఆ కాంపౌండు స్టేబుల్ అనేది కదా నీ మాట.

నువ్వు 1921లో అమెరికాలో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ల్యాబులో పనిచేసే ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ చేతుల మీదుగా పుట్టినావని పుస్తకాల్లో ఉంది, ఉండనీ, కానీ ఇప్పుడు నీ కాపురం మాత్రం మా తిరుపతిలోనే అని నా గట్టి నమ్మకం. బస్టాండు కాడ బయల్దేరి బైరాగిపట్టెడ దాకా నడిస్తే దోవలో కనిపించే కోచింగ్ బోర్డుల వెనకాల నువ్వే, జెరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ వేసిన మెటీరియల్లో నువ్వే, హాస్టల్ గోడల మీద స్కెచ్ పెన్నుతో రాసిన ఫార్ములాల్లోనూ నువ్వే. సాయంత్రం పూట ఒక మేడమీద గదిలో నేనూ నీ పారాయణమే చేపిస్తా ఉంటా, ఎమ్మెస్సీ పిల్లకాయలకి, నెట్టు గేటు సెట్టు అని ఏ నోటిఫికేషన్ పడితే అది రాసేవాళ్ళకి. మెటల్ గ్రూపు నెంబరు వేసుకో, మెటల్‌ని పట్టుకున్న ఒక్కో కార్బన్ మోనాక్సైడ్, అదే కార్బొనైల్‌కి రెండు రెండు కలుపుకో, ఛార్జి ఉంటే సరిచేసుకో, 18 వచ్చిందా, వచ్చింది సార్, అయితే స్టేబుల్, టిక్కు పెట్టు, నెక్స్ట్ బిట్. అంతే. కెమిస్ట్రీ అయిపాయె.

నీ లెక్క తప్పని నేను అనడంలా. డి ఆర్బిటాల్స్ 5, ఎస్ 1, పి 3, మొత్తం 9. కొండమీద వైకుంఠం క్యూ కాంప్లెక్సు మాదిరే, 9 కంపార్ట్‌మెంట్లు, ఒక్కోదాంట్లో ఇద్దరేసి, 18 మంది నిండితే గేటు వేసేస్తారు, ఆ తర్వాత వచ్చినోళ్ళు బయట శిలాతోరణం దాకా నిలబడాల్సిందే, నీ భాషలో ఆ బయట రోడ్డు పేరు యాంటీబాండింగ్. అక్కడ నిలబడినోడు ఊరికే ఉండడు, లోపల ఉన్న బంధాన్ని కూడా వదులు చేస్తాడు. ఇంతవరకు బాగుంది. 1890లో లుడ్విగ్ మాండ్ వాళ్ళు కనుక్కున్న నికెల్ టెట్రాకార్బొనైల్‌కి 10, 8 కలిపితే 18, ఐరన్ పెంటాకార్బొనైల్‌కి 8, 10 కలిపితే 18, క్రోమియం హెక్సాకార్బొనైల్‌కి 6, 12 కలిపితే 18. మాంగనీసు దగ్గర 17 వచ్చి తగులుకుంటే ఇంకో మాంగనీసుతో బంధం కట్టుకుని రెండూ 18 చేసుకుంటాయి, నిజంగానే చేసుకుంటాయి, అది మేము గీసిన గీత కాదు. నీ గొప్ప నీకుంది సామీ.

ఇక ఫెర్రోసీన్ సంగతి చెప్పాల్నా. 1951లో పిట్స్‌బర్గ్‌లో డ్యూకేన్ యూనివర్సిటీలో కీలీ, పాసన్ అని ఇద్దరు ఫుల్వలీన్ అనే కర్బన పదార్థం చేద్దామని కూర్చుంటే అది రాలా, ఆరంజ్ రంగు పొడి వచ్చింది, గాలికి పాడు కాదు, వేడి చేస్తే కర్పూరం మాదిరి ఎగిరి మళ్ళీ స్ఫటికం అవుతుంది. మరుసటేడు విల్కిన్సన్, వుడ్‌వర్డ్ వాళ్ళు ఒక పక్క, జర్మనీలో ఫిషర్ ఇంకో పక్క, రెండు రింగుల మధ్యలో ఇనుము ఉందని తేల్చినారు, 1973లో ఫిషర్‌కీ విల్కిన్సన్‌కీ నోబెల్. ఒకడు ఇనుముకి 8, రింగులకి 5, 5 అని కలుపుతాడు, ఇంకోడు 6, 6, 6 అని కలుపుతాడు, ఎట్లా కలిపినా 18. నా క్లాసులో రెండు వేరే వేరే కోచింగుల నుంచి వచ్చిన పిల్లకాయలు దీని మీద కొట్టుకునేంత పని చేసినారు, మా సార్ పద్ధతే కరెక్టు అంటే మా సార్ పద్ధతే అని, ఇద్దరికీ ఆన్సరు ఒకటే వచ్చినా సరే. అప్పట్నుంచి ఫెర్రోసీన్ నీ పోస్టర్ బాయ్, మోడల్ పేపర్ తెరిస్తే మొదటి బిట్ అదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నీ మాట వినని వాళ్ళని మేమేం చేస్తామో తెలుసా నీకు? "ఎక్సెప్షన్" అని పక్కన ఒక స్టార్ మార్కు పెడతాం. వనేడియం హెక్సాకార్బొనైల్ 17 దగ్గరే ఉండిపోతుంది, ఆరు కార్బొనైల్స్ చుట్టూ మూగి ఉంటే జతకట్టేదానికి చోటు యాడుంది, స్టార్. ఫెర్రోసీన్‌లో ఇనుము బదులు కోబాల్టు పెట్టిన కోబాల్టోసీన్ 19, స్టార్. నికెల్ పెట్టిన నికెలోసీన్ 20, పచ్చగా ఉంటుంది, స్టార్. హెక్సామిథైల్ టంగ్‌స్టన్ 12, స్టార్. రోడియం, పల్లాడియం, ప్లాటినం చదరంగా కూర్చునేవన్నీ 16, ఒక పేజీ మొత్తం స్టార్లే. ఒక పేజీ రూలుకి మూడు పేజీల ఎక్సెప్షన్లు ఉంటే దాన్ని రూలు అనాల్నా అని ఒక పిల్ల అడిగింది, ఆ పిల్లకి మాక్ టెస్టులో మార్కులు తక్కువొచ్చినాయి, సంబంధం ఉందని నేను అనను.

ఆ 16 వాళ్ళు చేసే పని చూడు సామీ. రోడియంతో చేసిన విల్కిన్సన్ కేటలిస్టు 16 మీద ఉంది కాబట్టే హైడ్రోజన్ వచ్చి కూర్చునే సందు ఉంటుంది, పని అయిపోతే దిగిపోతుంది, 18 నిండి తలుపులేసుకున్నోడు కేటలిస్టుగా ఎందుకు పనికొస్తాడు, ముందు ఏదో ఒకటి బయటికి పంపించుకోవాల్సిందే. ఎసిటిక్ యాసిడ్ టన్నుల లెక్కన చేసే మోన్సాంటో పద్ధతిలో తిరిగే రోడియం కూడా 16తోనే మొదలు. ఇక కాన్సర్ మందు సిస్‌ప్లాటిన్. 1965లో మిషిగన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెడితే, బాక్టీరియా విడిపోకుండా దారాల్లాగా సాగిపోయినాయంట, తీరా చూస్తే కరెంటు కాదు, ఎలక్ట్రోడు నుంచి వచ్చిన ప్లాటినం కాంపౌండు పని అది. 1978లో అమెరికాలో మందుగా పర్మిషన్ వచ్చింది, ఈరోజుకీ కీమో డ్రిప్పుల్లో ఎక్కుతానే ఉంది. దాని లెక్క ప్లాటినంకి 8, చుట్టూ ఉన్న నాలుగింటికి 8 కలిపి 16. నీ మాట తూచా తప్పకుండా వినే నికెల్ టెట్రాకార్బొనైల్ పీలిస్తే మనిషి పోతాడు, నీ మాట వినని సిస్‌ప్లాటిన్ మనిషిని నిలబెడతా ఉంది, "స్టేబుల్" కాలమ్‌లో టిక్కు మాత్రం మొదటిదానికే.

ల్యాబుల దాకా కూడా ఎందుకులే, మా మామ మామిడితోటకి రా, బంగారుపాళ్యం పక్కన. కోత అయిపోయినాక కొమ్మలు కత్తిరించి బోర్డో మిశ్రమం అనే తెగుళ్ళ మందు కొడతాడు, 100 లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, రెండూ వేరే వేరేగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలపాలి, ఇనప డ్రమ్ములో కలిపితే రాగి ఇనుముకి పట్టేస్తుంది. మైలుతుత్తం నీళ్ళు నీలంగా నిగనిగలాడతా ఉంటే మామ కట్టెతో తిప్పుతా అడిగినాడు:

"రేయ్ అల్లుడా, ఏందో ఎలక్ట్రాన్లు లెక్కబెడతా ఉంటావంట గదా, దీంట్లో ఎన్ని ఉండాయిరా?"

రెండు ఎలక్ట్రాన్లు పోయిన రాగికి 9, చుట్టూ ఆరు నీళ్ళ అణువులకి 12. "21 మామా."

"ఎన్ని ఉండాల?"

"18."

"ఎక్కువైతే ఏమవుతాది?"

"ఏం కాదు మామా, పుస్తకం ప్రకారం ఉండకూడదు, అంతే."

"మరి ఉండాది గదరా," అని చాకు తీసి మందులో ముంచినాడు. సున్నం నీళ్ళు కలిపినాక చేసే పరీక్ష అది, చాకు మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాల్లేదని లెక్క, ఇంకొంచెం పోయాల. పట్టింది. ఇంకో చెంబు పోసి, మళ్ళీ ముంచి, తుడిచి చూసి, ఈసారి పట్టకపోయేసరికి మోటారు ఆన్ చేసినాడు. నేను పక్కన నిలబడి, నీళ్ళు వీక్ లైగాండ్ మామా, అంటే మెటల్‌ని గట్టిగా పట్టుకోకుండా ఎలక్ట్రాన్లు ఇచ్చేది, దాని దగ్గర ఆ యాంటీబాండింగ్ ఆర్బిటాల్స్ అంత ఎత్తులో ఉండవు, ఎక్కువ ఎలక్ట్రాన్లు వచ్చి కూర్చున్నా పెద్ద నష్టం ఉండదు, కార్బొనైల్ లాంటి స్ట్రాంగ్ లైగాండ్స్ ఉన్న చోటే ఈ 18 లెక్క గట్టిగా పనిచేసేది అని చెప్తానే ఉండా, మోటారు మోతలో ఆయనకి వినపళ్ళా. వినపడినా ఏమంటాడు, ఆ ఒక్క ముక్క మీ మెటీరియల్లో మొదటి పేజీలో వేసుంటే సరిపోయేది గదరా అంటాడు.

ఇంతలో 2025 జులైలో జపాన్ నుంచి, ఒకినావా ఇన్‌స్టిట్యూట్ నుంచి, వార్త. సతోషి తకేబయాషి వాళ్ళు నీ పోస్టర్ బాయ్ ఫెర్రోసీన్‌నే పట్టుకుని, లైగాండ్‌ని పనిగట్టుకుని డిజైన్ చేసి, ఒక నైట్రోజన్ ఇనుముకి తన జంట ఎలక్ట్రాన్లు ఇచ్చేటట్టు చేసి, 18ని 20 చేసి కూర్చోబెట్టినారు, నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. నికెలోసీన్‌కి 20 ఎప్పట్నుంచో ఉన్నాయి, కానీ ఇనుముతో, ఫెర్రోసీన్‌తో ఈ పని అంటే విషయం వేరే. ఆ నైట్రోజన్ పట్టుకునేదీ వదిలేదీ రెండు వైపులా జరుగుతుంది, దాంతో ఇనుము 2, 3, 4 ఆక్సిడేషన్ స్టేట్ల మధ్య, అంటే రెండు, మూడు, నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితుల మధ్య, పెద్ద బలవంతం లేకుండా తిరుగుతా ఉంది. మామూలు ఫెర్రోసీన్ హాయిగా ఇచ్చేది ఒక్క ఎలక్ట్రానే, రెండోది కావాలంటే దాన్ని చాలా ఇబ్బంది పెట్టాలి. చదివినాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అబద్ధం ఎందుకు, సంతోషంతోనే.

పొద్దున్నే పోయి బోర్డు మీద బొమ్మ గీసి ముప్పావు గంట చెప్పినా. యాంటీబాండింగ్‌లో ఎలక్ట్రాన్లు పెట్టడం కూడా ఒక పనిముట్టేనబ్బా, బంధం వదులైతే రెడాక్స్, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోవడం, తేలికవుతుంది అని. అయిపోయినాక వెనక బెంచీ నుంచి ఒకే ఒక ప్రశ్న: "అన్నా, దీని మీద బిట్ ఎట్లా వస్తాది?" వారం తిరక్కముందే ఎవరో తయారుచేసిన పీడీఎఫ్ గ్రూపుల్లో తిరిగింది. 2025లో 20 ఎలక్ట్రాన్ల ఫెర్రోసీన్ తయారుచేసిన దేశం ఏది, ఏ జపాన్, బి జర్మనీ, సి చైనా, డి ఏదీ కాదు. సామీ, నూరేళ్ళు దాటిన నీ సామ్రాజ్యానికి అంత పెద్ద గండి పడితే, మేము దాన్ని దేశం పేరు కింద పూడ్చేసినాం. నీకు ఇంతకంటే భక్తులు ఎక్కడ దొరుకుతారు చెప్పు?

అదే ఏడాది అక్టోబర్లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడూ ఇదే కథ. కితగావా, రాబ్‌సన్, యాగీ, మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్స్, అంటే మెటల్‌నీ కర్బన అణువుల్నీ కలిపి కట్టిన ఖాళీ గదుల్లాంటి నిర్మాణాలు, మూడు పేర్లు బట్టీ, అయిపాయె. రాబ్‌సన్‌కి ఆ ఆలోచన 1974లో మెల్‌బోర్న్‌లో పిల్లలకి పాఠం చెప్పేదానికి చెక్క బంతులతో మోడల్స్ చేపిస్తా ఉంటే తట్టిందంట, బంతికి బెజ్జం ఏ పక్క వేయాలో చెప్పడంలోనే మొత్తం నిర్మాణం దాగుందని. పాఠం చెప్పేవాడికి ఒళ్ళు గగుర్పొడిచే సంగతి ఇది. బిట్లో దానికి ఆప్షన్ లేదు. బర్కిలియం అనే రేడియోధార్మిక మెటల్‌తో చేసిన బర్కెలోసీన్ గురించి కూడా ఆ ఏడాదే వచ్చింది, ఎఫ్ ఆర్బిటాల్స్ కూడా ఉండే ఎఫ్ బ్లాకు మెటల్ కదా, వాళ్ళు నిన్ను మొదట్నుంచే పట్టించుకోరు, వదిలెయ్.

నీకు ఒక మంచి వార్త కూడా చెప్పకపోతే పాపం తగులుతుంది. 2018లో చైనా, జర్మనీ వాళ్ళు గడ్డకట్టిన నియాన్‌లో కాల్షియం చుట్టూ ఎనిమిది కార్బొనైల్స్ చూసినారు, 2, 16 కలిపి 18. కాల్షియం సామీ! మా కిళ్ళీలో సున్నంలో ఉండే కాల్షియం, డి ఎలక్ట్రాన్ ఒక్కటి కూడా లేనిది, నీ లెక్కకి వచ్చి నిలబడింది, స్ట్రాన్షియం, బేరియం కూడా. వినాల్సిన రాగి వినదు, అవసరం లేని కాల్షియం వింటుంది. మరుసటేడే ఆ బంధం అసలు అట్లాంటిదేనా అని సైన్స్ పత్రికలోనే వేరే వాళ్ళు తగువు పెట్టుకున్నారు, అదీ నీకు గౌరవమే, పట్టించుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టే తగువు.

నాకు కావాల్సింది పెద్దది కాదు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, ఊర్లో 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, నా పిల్లకాయల్లో నలుగురైనా ఇట్లాంటి ఏదో ఒక ల్యాబులో చేరి నీ మాట వినని మాలిక్యూల్ ఒకటి చేయాలని కలలు కంటా ఉన్నారు, అక్కడికి పోవాలంటే ముందు నీ మాట వినే మాలిక్యూల్స్‌కి టిక్కు పెట్టి పాస్ అవ్వాలి, అది మామూలే, పెడతారు. కానీ పేపర్ సెట్ చేసే పెద్దమనిషి కలలోకి నువ్వు అప్పుడప్పుడూ పోతా ఉంటావు కదా, ఈసారి పోయినప్పుడు "కింది వాటిలో 18 ఎలక్ట్రాన్ల రూలు పాటించేది ఏది" అనే బిట్ తీసేసి "కిందిది ఎందుకు పాటించలేదు" అని ఒక్కటి, ఒకే ఒక్కటి, పెట్టించు. నాలుగు మార్కులది అయినా పర్లేదు, నెగటివ్ మార్కులు ఉన్నా పర్లేదు.

ఇట్లు,
మేడమీద గదిలో ఇనార్గానిక్ చెప్పేవాడు

తా.క.: ఆన్సర్ కీ మీద అబ్జెక్షన్ పెట్టాలంటే ప్రశ్నకి ఇంత అని కట్టాలి, మాలాంటోళ్ళకి ప్రతిసారీ కుదరదు. నీ మీద నువ్వే ఒక అబ్జెక్షన్ పెట్టుకుంటానంటే ఆ ఫీజు నేను కడతా, రసీదు మాత్రం వాట్సాప్ చెయ్యి.