ట్రాలీ జాకీ గారి దివ్యసముఖానికి

చక్రాల మీద దొర్లొచ్చి కార్లను పైకెత్తే మహారాజశ్రీ ట్రాలీ జాకీ గారికి, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కాపురముంటున్న ఒక తెలుగువాడు, పాత ఎంజీబీ రోడ్‌స్టర్ అనే కప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఈ కుశలం ఇలాగే సాగాలని నాకు ఆశ. అందుకే నాలుగు మాటలు మొహం మీదే అనేస్తున్నాను, తమరు ఏమీ అనుకోవద్దు.

తమరి బలాన్ని శంకించే మొనగాడు ఇంకా పుట్టలేదు. పిడి పట్టుకుని నాలుగుసార్లు కిందికీ పైకీ ఆడిస్తే చాలు, సన్నటి పంపులోని నూనె లావుపాటి రామ్ (పైకి తోసే ఉక్కు కడ్డీ) కిందికి చేరుతుంది, టన్నుకు అటూ ఇటూగా తూగే కారు మూతి పైకెత్తుతుంది. పాస్కల్ సూత్రాన్ని పరీక్షయిన మర్నాడే మరిచిపోయిన నాలాంటివాడు కూడా ఆ పూట మీసం మెలేస్తాడు. ఆ తర్వాత చేతిలో టార్చి పట్టుకుని సరాసరి కారు కిందికి దూరతాడు. తమరితో నాకున్న పేచీ అక్కడే.

శంకుస్థాపనకు వచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి వెళ్లిపోయే మంత్రిగారి బాపతు తమరు. కట్టడాన్ని మోసేది ఎవరూ దండ వేయని స్తంభాలు. ఇక్కడ ఆ స్తంభాల పేరు యాక్సిల్ స్టాండ్లు. నాలుగు కాళ్లు, ఒక గొట్టం, అడ్డంగా ఒక ఉక్కు పిన్ను, అంతే. నూనె లేదు, చక్రాలు లేవు, డాబు అసలే లేదు. కారు దాని మీద కూర్చున్నాక తమరి లోపల ఏం జరిగినా దానికి పట్టదు. తమరి సంగతి అలా కాదు. బరువంతా ఆపుతున్నది ఒక రబ్బరు సీలు. అది ఎండి పగిలినా, నూనెలో ఇసుక రేణువు పడి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా తమరు కిక్కురుమనకుండా కిందికి దిగిపోతారు. రామ్ మెడ చుట్టూ సన్నగా నూనె మెరిసిందంటే అది తమరి రాజీనామా పత్రం. కారు కింద పడుకున్నవాడికి మాత్రం దాన్ని చదివే వీలుండదు.

స్టాండ్లు కూడా దేవుళ్లేమీ కావు లెండి. అమెరికాలో ఒక పనిముట్ల గొలుసు దుకాణం 2020లో 17 లక్షలకు పైగా స్టాండ్లను వెనక్కి పిలిపించింది. ఎత్తు నిలబెట్టే కడ్డీ పళ్లలో పడాల్సిన నాలుక సరిగా పడక కారు జారుతోందని. వాటికి బదులుగా ఇచ్చిన వాటిలోనూ కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి, అవీ వెనక్కి. అందుకే పళ్ల స్టాండు కన్నా పిన్ను స్టాండు మీదే నాకు గురి. పిన్ను రంధ్రంలో ఉందో లేదో కంటికి కనిపిస్తుంది.

ఇక తమరిని పెట్టే చోటు. 1962లో ఎంజీబీ వచ్చింది. అంతకుముందున్న ఎంజీఏ మోడల్‌కి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ (అడుగు చట్రం) లేదు, బాడీ రేకే సర్వం. కప్పు లేని రోడ్‌స్టర్‌లో నడుం విరగకుండా కాసేవి తలుపుల కింది సిల్సే. సిల్ అంటే బయటికి కనిపించే రంగు రేకొక్కటే కాదు. దాని వెనక మరో రేకు, మధ్యలో ఇంకొకటి, అడుగున క్యాజిల్ రైల్ అనే రేకు పట్టీ. అన్నీ కలిపి వెల్డు చేసిన డొల్ల. ఏళ్ల తరబడి ఇంగ్లండు వాన, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తాగి తాగి అది లోపలి నుంచి తుప్పు పడుతూ వస్తుంది. బయట నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. పైన పటారం, లోన లొటారం.

కంపెనీ ఇచ్చిన పాత జాకీని ఆ సిల్ నడుమనే ఆనించేవారు. ఒక పక్క రెండు చక్రాలూ కలిసి లేచేవి. తుప్పు తిన్న బండికి ఇవాళ అదే వైభోగం జరిపిస్తే ముందు కరకరమని చప్పుడొస్తుంది, తర్వాత ఎర్రటి పొడి రాలుతుంది. కారు లేవదు, సిల్ లోపలికి పోతుంది. ఒకవేళ లేచినా, తలుపు చుట్టూ సందు మారిపోయి మూస్తే పడదు. పైగా 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బళ్లకు 2018 మే నుంచి ఈ దేశంలో ఎంఓటీ తనిఖీ, అంటే ఏటా జరిగే బండి భద్రతా పరీక్ష, తప్పనిసరి కాదు. ప్రభుత్వం వారు పరీక్షాధికారి ఉద్యోగాన్ని చల్లగా తమరికి ఒప్పజెప్పారన్నమాట. తమరు పెట్టే పరీక్ష ఒక్కటే, కుంగిందా లేదా!

కాబట్టి అయ్యా, తమరి స్థానం ముందువైపు క్రాస్‌మెంబర్ (అడ్డంగా ఉండే ఉక్కు దూలం) నడిమధ్యన, వెనకవైపు డిఫరెన్షియల్ (వెనక ఇరుసు నడిమి గేర్ల పెట్టె) కింద. ఇంజిన్ అడుగున నూనె నిలిచే సంప్ జోలికి రావద్దు, పల్చటి ఫ్లోరు రేకు జోలికి అసలే వద్దు. మధ్యలో ఒక రబ్బరు దిమ్మో చెక్కముక్కో ఉంటే ఇద్దరికీ మర్యాద. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం ఈ కారుకి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, ఒళ్లంతా కాస్త పైకి లేపారు. అందం మంటగలిపారని అభిమానులు ఇప్పటికీ శాపనార్థాలు పెడుతుంటారు. ఆ మార్పుతో బాగుపడ్డది కింద దూరడానికి సందు దొరికిన తమరొక్కరే.

తమరి చక్రాల గురించి కూడా చెప్పాలి. అవి అలంకారమని చాలామంది అపోహ. తమరి చేయి నిటారుగా లేవదు, వెనక్కి వంపు తిరుగుతూ లేస్తుంది. దానికి తగ్గట్టు తమరు కొద్దికొద్దిగా కారు కిందికి దొర్లాలి. కంకర వాకిట్లో దొర్లలేరు. అప్పుడు జారేది కారుకి ఆనే తమరి నెత్తి, అదే శాడిల్. ఇక్కడి వాకిళ్లు నీళ్లు పోవడానికి రోడ్డు వైపు వాలుగా ఉంటాయి. "హ్యాండ్‌బ్రేక్ వేశాను కదా" అంటారు. ఎంజీబీలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. గేరులో పెట్టినా ఆగేవి అవే. ఆ రెండింటినీ తమరు గాల్లోకి లేపాక అది ఎవరిని పట్టుకోవాలి? ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డులు పడేదాకా తమరు పిడి ఎత్తకూడదు. సైకిల్ చక్రంలా పుల్లలుండే వైర్ వీల్స్ ఉన్న బండి అయితే నడిమి నట్టును రాగి సుత్తితో వదులు చెయ్యడం కూడా నేల మీద ఉండగానే అవ్వాలి. తమరి నెత్తి మీద కూర్చోబెట్టి దాన్ని బాదితే ఏమవుతుందో తమరికే బాగా తెలుసు.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. వాకిట్లో కుర్చీ వేసుకుని అంతా చూసి, "అల్లుడుగారూ, ఆ కారుని ఓసారి గట్టిగా తోసి చూడండి. పడేదేదో మీరు కింద లేనప్పుడే పడుతుంది" అన్నారు. ఎన్ని వర్క్‌షాప్ పుస్తకాలు తిరగేసినా ఇంతకన్నా ఏం చెబుతాయి? స్టాండ్ల మీద కూర్చున్న కారుని నేను భుజంతో తోశాను, ఆవిడ కొంగు బిగించి రెండో వైపు నుంచి తోశారు. కదల్లేదు. ఊడదీసిన చక్రాన్ని కూడా సిల్ కిందికి తోయించారు. తమరు పక్కన ఊరికే ఆని నిలబడ్డారు. తమరికి అంతకు మించిన ఉద్యోగం లేదని ఆవిడకు ఒక్క చూపులోనే అర్థమైంది.

ఇట్లు,
తమరి సేవలు పొందుతూ, తమరిని మాత్రం నమ్మని,
ఒక కారు యజమాని

తా.క.: ఎండకి మెత్తబడ్డ తారులో స్టాండ్ల కాళ్లు దిగకుండా వేసిన ప్లైవుడ్ పలకలు మా అత్తగారు ఆవకాయ జాడీల కిందికి తీసుకుపోయారు. అడిగే ధైర్యం నాకు లేదు. కొత్తవి కోయించుకొచ్చేదాకా వెనక బ్రేకుల పని వాయిదా.