ఇన్సెంటివ్ గారికి బహిరంగ లేఖ

అయ్యా ఇన్సెంటివ్ గారూ,

సేల్స్ ఉద్యోగాల ఆఫర్ లెటర్‌లో తమరిని జీతం పక్కనే కూర్చోబెట్టి, ఇద్దరినీ కలిపి కూడి, "మొత్తం ఇంత" అని చూపిస్తారు. ఫిక్స్‌డ్ 60, వేరియబుల్ 40 అనుకోండి. చేరేవాడి కళ్ళకి 100 కనబడుతుంది, ఇంటి ఖర్చులకి 60 అందుతుంది.

తమరి మహిమ కాదనం. ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త 2000లో అచ్చువేసిన పరిశోధన ఉంది: కారు అద్దాలు బిగించే కంపెనీ గంట కూలి మానేసి అద్దానికింత అని ఇస్తే, మనిషికి ఉత్పత్తి 44 శాతం పెరిగింది. అయితే అందులో దాదాపు సగమే ఉన్నవాళ్ళు ఎక్కువ కష్టపడినందువల్ల. మిగతాదాంట్లో చురుకైనవాళ్ళు వచ్చి చేరడం పెద్ద కారణం. మంచి జల్లెడే. కాకపోతే అద్దం "ఇంట్లో అడిగి చెప్తా" అనదు. అమ్మకాల్లో ఏరియా, సీజన్, సరుకు అన్నీ కలిసొస్తేనే అంకె. ఆ జల్లెడలోంచి తాలుతో పాటు గింజలూ రాలతాయి.

టార్గెట్‌లో 80 శాతం అమ్మితేనే తమరు దర్శనమిచ్చే ఆ గీత సంగతి చూడండి. 79 దగ్గర ఆగినవాడికి సున్నా. మూడు నెలల క్వార్టర్‌లో రెండో నెలాఖరుకి 35 దగ్గరున్నవాడికి లెక్కలొస్తే, చేతిలోని ఆర్డర్లు వచ్చే క్వార్టర్‌కి దాచుకుంటాడు, ఖాళీ దొరికింది కాబట్టి రెజ్యూమే దులుపుతాడు. అమ్మకం తెగడానికి 6 నెలలు పట్టే సరుకైతే ఇంకా సొగసు: కొత్తవాడికి రాబోయే కమీషన్‌లో కోసుకునేలా అడ్వాన్సు ఇస్తారు, ఆ కమీషన్ ఇంకా పుట్టక నాలుగో నెలకి కంపెనీకే బాకీ పడి మాయమవుతాడు.

"చెల్లింపు తేదీ నాటికి ఉద్యోగంలో ఉండాలి" అన్న షరతు తాళం అనుకుని పెట్టారు. అది ముహూర్తమైంది. డబ్బు పడ్డ మర్నాడు రాజీనామాలు వరసకడతాయి.

అసలు కొసమెరుపు ఆ తర్వాతే. మనిషి పోతాడు, అతని టార్గెట్ పోదు. 10 మంది, తలా 50, మొత్తం 500. ఇద్దరు వెళ్తే మిగిలిన 8 మందికి తలా 62.5. ఏ తప్పూ చేయకుండానే 25 శాతం పెంపు, జీతంలో మాత్రం కాదు. నిన్న 84 శాతం తెచ్చినవాడు అదే 42 అమ్మి ఇప్పుడు 67 దగ్గర, అంటే గీత కింద ఉంటాడు. తర్వాతి రాజీనామా ఎవరిదో వేరే చెప్పాలా? ఖాళీలు నిండేదాకా టీమ్ టార్గెట్ తగ్గిస్తే సరిపోయేది. 50 శాతం నుంచే మెట్లుమెట్లుగా చెల్లించినా, కొత్తవాడికి మొదటి 6 నెలలూ హామీ మొత్తం ఇచ్చినా కొందరైనా ఆగేవారు. కానీ తమరి ఎక్సెల్ షీట్‌లో ఆ గళ్ళకి తాళం వేశారట.

వెళ్ళేవాళ్ళంతా ఎగ్జిట్ ఫారంలో "మెరుగైన అవకాశం" అనే రాస్తారు. తమరి పేరు ఎవరూ రాయరు. పాత కమీషన్ ఇంకా రావాలి కదా.

ఇట్లు,
ఈ క్వార్టర్ 78 శాతం