సవరణ: నవ్వింది మగవాళ్లు మాత్రమే కాదు

నల్లగొండలో మా ఇంట్లో ‘నాక్డ్ అప్’ అనే హాలీవుడ్ హాస్య సినిమా చూసినప్పుడు మగవాళ్లే నవ్వారని, ఆడవాళ్లు ముఖం చిట్లించారని మొన్న రాశాను. తప్పు. మా వదిన ఫోను చేసి దులిపేసింది: బూతు మాటలకు కాదు గానీ, పురిటి సన్నివేశంలో అందరికంటే గట్టిగా నవ్వింది తానేనట. నిజమే, అప్పుడు నేను వంటింట్లో మిర్చి బజ్జీలు వేస్తున్నాను. చూడకుండానే తీర్పు చెప్పేశాను.

ఇంకొకటి. కథానాయిక కేథరిన్ హైగల్ విడుదలకు ముందే సినిమాను విమర్శించిందని రాశాను. అదీ సరికాదు. 2007 జూన్‌లో విడుదలైన కొన్ని నెలలకు ‘వానిటీ ఫెయిర్’ పత్రికతో అన్న మాట అది: ఆడవాళ్లను గయ్యాళులుగా, మగవాళ్లను సరదా మనుషులుగా చూపించారని. నాకు ఇప్పటికీ ఆమె మాటే సబబనిపిస్తుంది. వదిన ఒప్పుకోవడం లేదు.